టెక్ సందేహాలు: స్లైడర్ కోటి దాకా ఎందుకు వెళ్లడం లేదు?

ప్రశ్న: మా బంధువుల చిన్న ఫైనాన్స్ ఆఫీసు వెబ్‌సైట్ కోసం ఈఎంఐ కాలిక్యులేటర్ చేస్తున్నాను. లోన్ మొత్తానికి స్లైడర్ పెట్టి 50 వేల నుంచి కోటి దాకా, లక్ష చొప్పున కదిలేలా ఇచ్చాను. చివరిదాకా జరిపినా 99 లక్షల 50 వేల దగ్గరే ఆగిపోతోంది. బటన్ సైజు, రంగు మారిస్తే ఫైర్‌ఫాక్స్‌లో ఒకలా, క్రోమ్‌లో అసలేమీ మారకుండా కనిపిస్తోంది. ఈ తలనొప్పి లేకుండా ఏదైనా లైబ్రరీ వాడేయమంటారా? (కరీంనగర్ నుంచి ఒక పాఠకుడు)

లైబ్రరీ వద్దండీ. బ్రౌజర్‌లోనే సిద్ధంగా ఉన్న స్లైడర్, అంటే రేంజ్ ఇన్‌పుట్ చాలు, మీరు ఇప్పటికే వాడుతున్నది అదే అనుకుంటున్నాను. ముందు ఆ కోటి సంగతి చూద్దాం. స్టెప్ (ఒక్కో మెట్టు ఎంత) లెక్క సున్నా నుంచి మొదలవదు, మీరు మిన్‌లో (కనీస మొత్తంలో) ఏది ఇస్తే అక్కడి నుంచి మొదలవుతుంది. 50 వేలు, తర్వాత లక్షా 50 వేలు, తర్వాత రెండు లక్షల 50 వేలు, ఇలా పోయి పోయి 99 లక్షల 50 వేలకు చేరుతుంది, ఆ పై మెట్టు కోటీ 50 వేలు, అది మ్యాక్స్ (గరిష్ఠ మొత్తం) దాటిపోతుంది కాబట్టి ఎక్కదు. బ్రౌజర్ తప్పేమీ లేదు. స్టెప్ 50 వేలు చేయండి, సరిగ్గా కోటి దగ్గర ఆగుతుంది. మిన్ లక్ష చేసినా సరే, కానీ 50 వేల లోన్ అడిగేవాళ్లు మీ ఆఫీసుకి ఎక్కువమందే వస్తారేమో, మీకే తెలియాలి.

ఇంకోటి, వాల్యూ (మొదట చూపించే మొత్తం) ఏమీ రాయకపోతే స్లైడర్ మధ్యలో నిలబడుతుంది. అంటే పేజీ తెరవగానే జనానికి అరకోటి లోన్, దానికి తగ్గ ఈఎంఐ కనబడతాయి, చిన్న మొత్తం కోసం వచ్చినవాళ్లు అక్కడే బెదిరిపోయి వెళ్లిపోతారు. 5 లక్షలో 10 లక్షలో వాల్యూలో రాసి పెట్టండి.

ఇక రంగు. మీకు కావలసింది రంగు ఒక్కటే అయితే సీఎస్ఎస్‌లో (పేజీ రూపాన్ని చెప్పే భాష) యాక్సెంట్ కలర్ అని ఒక్క లైను రాయండి, అంతే. 2022 నుంచి క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ మూడింట్లోనూ పనిచేస్తోంది. నా మాట వింటే ఇక్కడితో ఆగిపోండి. కానీ సైజు కూడా అన్నారు కాబట్టి చెబుతాను, ఇక్కడి నుంచి కొంచెం ఓపిక కావాలి.

మొదట అప్పియరెన్స్ నన్ అని పెడితే బ్రౌజర్ తన సొంత రూపాన్ని వదిలేస్తుంది. వేలితో పట్టుకుని జరిపే గుండ్రటి బటన్‌ని థంబ్ అంటారు, అది జరిగే గీత ట్రాక్. ఈ రెండింటికీ క్రోమ్, సఫారీలకు వెబ్‌కిట్ అని మొదలయ్యే పేర్లతో ఒకసారి, ఫైర్‌ఫాక్స్‌కి మోజ్ అని మొదలయ్యే పేర్లతో ఇంకోసారి స్టైల్ రాయాలి. ఒకే రూల్ రెండుసార్లు రాయడం ఎందుకని చాలామంది రెండు పేర్లనూ కామా పెట్టి కలిపేస్తారు, మీ దగ్గరా జరిగింది ఇదే అని నా అనుమానం. కామాతో కలిపిన పేర్లలో బ్రౌజర్‌కి తెలియనిది ఒక్కటి కనబడినా మొత్తం రూల్‌ని పక్కన పడేస్తుంది. ఫైర్‌ఫాక్స్ వెబ్‌కిట్ పేర్లను మాత్రం చూసీచూడనట్టు వదిలేస్తుంది, క్రోమ్‌కి మోజ్ పేరు తెలియదు, అందుకే క్రోమ్‌లో మీ రంగు, సైజు రెండూ ఎగిరిపోయాయి. విసుగైనా విడివిడిగానే రాయండి.

రాశాక క్రోమ్‌లో థంబ్ గీత మీద సరిగ్గా కూర్చోకుండా కిందికి జారినట్టు కనిపిస్తుంది. టెన్షన్ పడకండి, ట్రాక్ ఎత్తులోంచి థంబ్ ఎత్తు తీసేసి సగం చేస్తే వచ్చేదే పై మార్జిన్. ట్రాక్ 8 పిక్సెల్స్, థంబ్ 24 అయితే మైనస్ 8. ఫైర్‌ఫాక్స్ తనంతట తానే మధ్యలో పెడుతుంది, అక్కడ ఈ మార్జిన్ రాయక్కర్లేదు. 24 అని ఊరికే అనలేదు, వెబ్‌సైట్లు అందరూ వాడగలిగేలా ఉండాలని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాల్లో తాకే వస్తువులకు చెప్పిన కనీస కొలత 24 పిక్సెల్స్. ఫోన్‌లో బొటనవేలితో వాడేవాళ్ల కోసం ఇంకాస్త పెద్దది చేసినా నష్టం లేదు.

జరిపినంత మేర గీత రంగు మారాలంటే ఫైర్‌ఫాక్స్‌లో దానికి మోజ్ రేంజ్ ప్రోగ్రెస్ అని వేరే పేరుంది, క్రోమ్‌లో అలాంటిది లేదు. ట్రాక్‌కి రెండు రంగుల గ్రేడియంట్ ఇచ్చి, రంగు మారే చోటుని ఒక సీఎస్ఎస్ వేరియబుల్‌లో పెట్టి, థంబ్ కదిలినప్పుడల్లా జావాస్క్రిప్ట్‌తో ఆ శాతం మార్చాలి. శాతం లెక్క కట్టేటప్పుడు వాల్యూలోంచి, మ్యాక్స్‌లోంచి రెండింట్లోంచీ మిన్ తీసేసి భాగించండి. నేరుగా వాల్యూని మ్యాక్స్‌తో భాగిస్తే మిన్ సున్నా అయినప్పుడే సరిపోతుంది, వడ్డీ రేటు స్లైడర్ 7 నుంచి 18 దాకా పెట్టి చూడండి, రంగు ఒక చోట థంబ్ ఒక చోట ఉంటాయి.

ఇవన్నీ చేసినా అసలు సమస్య మిగిలే ఉంటుంది, దాన్ని మీరు అడగలేదు గానీ నేను చెప్పకుండా ఉండలేను. ఫోన్ తెర మీద మీ స్లైడర్ వెడల్పు మహా అయితే 300 పిక్సెల్స్ అనుకోండి. 50 వేల నుంచి కోటి దాకా అందులో ఇరికిస్తే ఒక్కో పిక్సెల్ 33 వేల రూపాయలు దాటుతుంది. 7 లక్షల 50 వేల మీద వేలు ఆపడం ఎవరి తరమూ కాదు, అదీ కదులుతున్న బస్సులో. అందుకే స్లైడర్ పక్కన అంకె టైప్ చేసే డబ్బా కచ్చితంగా పెట్టండి. ఇది మార్చితే అది, అది మార్చితే ఇది మారాలి. స్లైడర్ సుమారుగా చూసుకోవడానికి, డబ్బా సరిగ్గా ఇంత అని చెప్పడానికి. లోన్, జీతం, భూమి ధర లాంటి వాటికి ఒక్క స్లైడర్ పెట్టి వదిలేసిన సైట్లు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

డబ్బా పెట్టాక కూడా చిన్న మొత్తాలకు ఎక్కువ చోటు కావాలంటే స్లైడర్‌ని 0 నుంచి 100 దాకా ఉంచి, అసలు మొత్తాన్ని లాగరిథమ్ పద్ధతిలో లెక్క కట్టొచ్చు. మిన్ లక్ష, మ్యాక్స్ కోటి అయితే సరిగ్గా మధ్యలో వచ్చేది 10 లక్షలు, అంటే సగం గీత 10 లక్షల లోపు వాళ్లదే. వచ్చిన అంకెని దగ్గరి పదివేలకు రౌండ్ చేయండి. అయితే కళ్లు కనిపించనివాళ్ల స్క్రీన్ రీడర్ అప్పుడు "50" అని చదువుతుంది, లోన్ మొత్తం చదవదు. ఏరియా వాల్యూటెక్స్ట్ (aria-valuetext) అనే అట్రిబ్యూట్‌లో "10 లక్షల రూపాయలు" అని రాస్తే ఆ మాటే వినిపిస్తుంది. తెర మీద కామాలు మన పద్ధతిలో 10,00,000 అని పడాలంటే జావాస్క్రిప్ట్‌లోని ఇంటెల్ నంబర్‌ఫార్మాట్‌కి (Intl.NumberFormat) భారత లొకేల్ (ప్రాంతం సెట్టింగ్) ఇవ్వండి, కామాల కోసం సొంత కోడ్ రాయకండి.

లైబ్రరీ ఎప్పుడు అంటారా? ధర ఇంత నుంచి ఇంత అని రెండు థంబ్‌లు కావలసినప్పుడు. రేంజ్ ఇన్‌పుట్‌లో రెండో థంబ్ లేదు. రెండు స్లైడర్లను ఒకదాని మీద ఒకటి పెట్టి నెట్టుకురావచ్చు గానీ, రెండు థంబ్‌లూ ఒకే చోట చేరితే ఏది పట్టుకున్నామో తెలియక గొడవ. అక్కడ నోయూఐస్లైడర్ తీసుకోండి, వేరే లైబ్రరీల మీద ఆధారపడదు. ఒక్క థంబ్ కోసం మాత్రం డివ్‌లతో (పేజీలోని ఖాళీ పెట్టెలతో) సొంతంగా కట్టడం, లైబ్రరీ మోయడం, రెండూ వృథా. రెడీమేడ్ చొక్కా చేతులు కుట్టించుకుంటే సరిపోయేదానికి మగ్గం కొన్నట్టు. బాణం కీలు, హోమ్, ఎండ్ కీలతో కదలడం రేంజ్ ఇన్‌పుట్‌కి పుట్టుకతో వచ్చిన విద్య, డివ్‌కి అవన్నీ మీరే నేర్పాలి.

ప్రశ్న: 10 లక్షల లోన్‌కి 5 వేలు ప్రాసెసింగ్ ఫీజు కలిపితే నా పేజీలో వెయ్యి కోట్ల 5 వేలు వస్తోంది! (విజయవాడ నుంచి బీటెక్ విద్యార్థిని)

అమ్మా, స్లైడర్ ఇచ్చే వాల్యూ అంకె కాదు, స్ట్రింగ్, అంటే అక్షరాల వరుస. ప్లస్ గుర్తు పెడితే కూడిక జరగదు, 1000000 పక్కన 5000 అతుక్కుంటుంది. వాల్యూ బదులు వాల్యూయాజ్‌నంబర్ వాడు. గుణకారం, భాగహారం చేసినప్పుడు జావాస్క్రిప్ట్ తనే అంకెగా మార్చేసుకుంటుంది కాబట్టి ఈఎంఐ సరిగ్గానే వచ్చి ఉంటుంది, కూడిక దగ్గరే దొరికిపోయావు. సరిచూసుకోవడానికి ఒక లెక్క ఇస్తాను: 10 లక్షలు, 9 శాతం, 20 ఏళ్లు అయితే ఈఎంఐ సుమారు 8,997 రావాలి.

ప్రశ్న: స్లైడర్ జరుపుతుంటే సర్వర్‌కి వందల రిక్వెస్టులు వెళ్తున్నాయి. రియాక్ట్ (జావాస్క్రిప్ట్ లైబ్రరీ) వాడుతున్నాను, ఆన్‌చేంజ్‌లోనే కాల్ పెట్టాను. చేంజ్ అంటే వదిలాక ఒక్కసారే కదా? (బెంగళూరు నుంచి)

మామూలు బ్రౌజర్ లెక్కలో మీరన్నది నిజమే, జరుపుతున్నంతసేపూ వచ్చేది ఇన్‌పుట్ ఈవెంట్, వదిలాక వచ్చేది చేంజ్. కానీ రియాక్ట్‌లో ఆన్‌చేంజ్ పేరుకే చేంజ్, నడిచేది ఇన్‌పుట్‌లాగే. తెర మీద అంకె మారడానికి ఆన్‌చేంజ్‌ని అలాగే ఉంచి, సర్వర్ కాల్‌ని 300 మిల్లీసెకన్ల డీబౌన్స్ వెనక పెట్టండి, అంటే కదలిక ఆగి అంత సేపయ్యాకే కాల్ వెళ్తుంది. వేలు ఎత్తినప్పుడే కాల్ పెడదాం అనుకుంటే కీబోర్డుతో కదిపేవాళ్లు మిస్సవుతారు, డీబౌన్స్‌లో ఆ బాధ లేదు. అయినా ఈఎంఐ లెక్కకి సర్వర్ ఎందుకండీ, బ్రౌజర్‌లోనే అయిపోతుంది కదా?

ప్రశ్న: వాల్యూమ్ కంట్రోల్‌లాగా నిలువు స్లైడర్ కావాలి, రొటేట్ చేస్తే పేజీ అంతా చెదిరిపోతోంది.

రొటేట్ తీసేయండి. రైటింగ్ మోడ్‌ని వర్టికల్ ఎల్ఆర్ చేయండి, కింది నుంచి పైకి పెరగాలంటే డైరెక్షన్ ఆర్‌టీఎల్ జోడించండి. 2024 నుంచి పెద్ద బ్రౌజర్లన్నింట్లో ఇది నడుస్తోంది. మరీ పాత ఫోన్లలో అడ్డంగానే కనిపిస్తుంది, కానీ పని మాత్రం చేస్తుంది.