నాసిక్ తోటలో రెండో కత్తిరింపు గురించి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నాసిక్ దగ్గరి దిండోరిలో నువ్వు తీసుకున్న తోటలో తెల్ల వైన్ ద్రాక్ష షెనిన్ బ్లాంక్, ఎర్ర వైన్ ద్రాక్ష షిరాజ్ ఉన్నాయని విని చాలా సంతోషించాను. హైదరాబాద్ దగ్గర పందిళ్ల మీద అనాబ్-ఎ-షాహి అనే తినే ద్రాక్ష పెంచి, ఆ తర్వాత నాసిక్‌లో వైన్ రకాలు పండించినవాడిగా ఒక్క విషయం గట్టిగా చెబుతాను.

ఫ్రాన్సులో శీతాకాలం తీగను నిద్రపుచ్చుతుంది. నాసిక్‌లో అంత చలి లేదు. వదిలేస్తే తీగ ఏడాదంతా చిగురిస్తూనే ఉంటుంది. అందుకే దాని ఋతువులు మన కత్తెరలో ఉన్నాయి. ఏప్రిల్ కత్తిరింపు తర్వాత పెరిగే రెమ్మల్లోనే రాబోయే కాపు రూపు దిద్దుకుంటుంది. వానలు తగ్గాక సెప్టెంబరు, అక్టోబరులో చేసే రెండో కత్తిరింపుతో ఆ కాపు బయటికొస్తుంది. దాని తేదీ దగ్గరే నీ ఏడాది తేలిపోతుంది.

పక్క తోటలో మొదలుపెట్టారని తొందరపడకు. తినే ద్రాక్ష వేసినవాళ్లు ముందస్తు ధర కోసం సాహసిస్తారు. నీకు ఆ అవసరం లేదు. వానలు పూర్తిగా వెనుదిరగకముందే కత్తిరిస్తే లేత చిగుళ్లనూ పూగుత్తులనూ బూజు తెగులు పట్టేస్తుంది. చిగురు వచ్చాక రోజూ పొద్దున్నే తోటలో తిరిగి, గుబురుగా ఉన్నచోట ఆకులు తిప్పి చూడు. పైన నూనె మరకలాంటి పసుపు మచ్చ, సరిగ్గా దాని అడుగున తెల్లని నూగు ఉంటే అదే. ఆ రోజే మందు కొట్టించి, అదనపు రెమ్మలు తీయించి గాలి ఆడనివ్వు.

అలాగని మరీ ఆలస్యం చేస్తే పండు మార్చి ఎండలకు చిక్కుతుంది. పగటి ఎండ చక్కెరను పెంచుతుంది, చల్లని రాత్రి పులుపును నిలుపుతుంది. సుమారు 600 మీటర్ల ఎత్తున్న నాసిక్‌లో జనవరి, ఫిబ్రవరిలో ఈ రెండూ కలిసి దొరుకుతాయి. రాత్రులు వేడెక్కాయంటే పులుపు పడిపోతుంది, వైన్ చప్పబడుతుంది. షెనిన్ బ్లాంక్‌కు ఈ భయం మరీ ఎక్కువ, ముందు దాన్నే కోయించు. షిరాజ్‌ను ఇంకొంత పండనివ్వవచ్చు.

నీ పొలంలో పల్లపు మడి ఉంటే అక్కడొక ఉష్ణోగ్రత మాపకం వేలాడదీయి. చల్లగాలి పల్లానికి దిగుతుంది, అక్కడి గుత్తులు మెరక కంటే వెనకబడతాయి. రెండింటినీ ఒకే రోజు కోయించకు.

చక్కెర శాతం ఒక్కటే నమ్మవద్దు. పండు నమిలి చూడు, గింజ గోధుమరంగుకు తిరిగి కటుక్కుమనాలి. కోత తెల్లవారకముందే మొదలుపెట్టి, ఎండెక్కేలోపు పండు వైనరీకి చేరేలా బండి ముందే మాట్లాడుకో.

మీ పెదనాన్న