రిపేరుకిచ్చిన గాలపు రాడ్ నాదే కదా, చెప్పకుండా తెచ్చుకుంటే తప్పా?

ప్రశ్న: మా నాన్నగారి వెదురు ఫిషింగ్ రాడ్ ఇది. ఆయన పోయాక మాకు మిగిలిన గుర్తు. రెండు ముక్కలు కలిసేచోట ఉండే లోహపు ఫెరూల్ చీలింది, కొస రింగు ఊడిపోయింది. అదే సైజు పాత పార్టులు వెతికి వేస్తానన్న ఒకాయనకు 26 నెలల క్రితం ఇచ్చాను. అడ్వాన్సు నగదుగా ఇచ్చాను, రసీదు తీసుకోలేదు. ఐదు నెలలకు ‘పని అయింది, బాకీ కట్టి తీసుకెళ్లండి’ అని వాట్సాప్‌లో పెట్టాడు. ఆ రోజే వెళ్లి చూస్తే తక్కువ సైజు ఫెరూల్ తెచ్చి, అది ఎక్కేలా వెదురునే అరగదీశాడు. బాకీ కట్టనన్నాను, రాడ్ ఇవ్వనన్నాడు. అతను లేని వేళ షాపు కుర్రాడి దగ్గర తీసేసుకుందామని ఉంది. పాత పార్టులు ఇమ్మని తయారీ కంపెనీ మీద కేసు వేయవచ్చా?

జవాబు: ముందుగా ఆ షాపు ఆలోచన మానుకోండి. సొంత వస్తువు తెచ్చుకుంటే దొంగతనం ఎలా అవుతుందని మీరు అనుకుంటున్నారు. భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద ఇచ్చిన దృష్టాంతాల్లో సరిగ్గా మీ సంగతే ఉంది. గడియారం రిపేరుకిచ్చినవాడు కూలి బాకీ ఉండగా, ఆ బాకీ కోసం చట్టబద్ధంగా ఆపి ఉంచిన గడియారాన్ని ఆ హామీ దక్కకుండా చేసే ఉద్దేశంతో తీసుకుపోతే, అది అతనిదే అయినా దొంగతనమే. శిక్ష మూడేళ్ల వరకు ఉండవచ్చు. ఇప్పుడు మీరు ఫిర్యాదుదారు. ఆ పని చేస్తే నిందితులవుతారు.

కాబట్టి కేసంతా ఒకే ప్రశ్న మీద నడుస్తుంది: రాడ్‌ని ఆపి ఉంచే హక్కు అతనికి ఉందా? కాంట్రాక్టు చట్టం 1872, 170వ సెక్షన్ ప్రకారం రిపేరు చేసినవాడు కూలి అందేదాకా వస్తువును ఉంచుకోవచ్చు. అయితే వస్తువును ఏ పనికి అప్పగించారో ఆ పని ఒప్పుకున్నట్టు చేసి ఉండాలి. మీరు ‘అదే సైజు ఫెరూల్’ అన్నారా, ‘ఏదో ఒకటి వేసి నిలబెట్టు’ అన్నారా? మొదటిదని రుజువైతే అతని హక్కు నిలవడం కష్టం. పైగా 151వ సెక్షన్ ప్రకారం తగిన జాగ్రత్త తీసుకోనందుకు వెదురుకు జరిగిన నష్టం కూడా అతని మీద పడుతుంది.

ఇక్కడే మీ అజాగ్రత్త మిమ్మల్ని దెబ్బతీస్తోంది. నాన్నగారి గుర్తు అంటూనే రసీదు అడగలేదు, ఇచ్చేముందు ఒక్క ఫోటో తీయలేదు, సైజు రాయించలేదు. మిగిలినవి మొదటి మాటలు జరిగినప్పటి మెసేజీలు, అతను పంపిన ‘పని అయింది’ మెసేజీ. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. ప్రింట్లతో పాటు, ఫోన్‌లోని రికార్డును కోర్టు సాక్ష్యంగా తీసుకునేందుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కోరే సర్టిఫికెట్ జతచేయండి.

రెండో సాక్ష్యం రాడ్‌లోనే ఉంది. ఆరు పలకల వెదురు రాడ్‌కి ఫెరూల్ ఎక్కించేటప్పుడు మూలలు మాత్రమే గుండ్రంగా తీస్తారు. పలకల మీద అరగదీస్తే వెదురుకు బలమిచ్చే పైపొర నారే పోతుంది. వంగినప్పుడు భారమంతా ఫెరూల్ అంచున పడుతుంది కాబట్టి అక్కడే విరుగుతుంది. ఫెరూల్ కాస్త వదులైతే కర్రకు దారం చుట్టి జిగురుతో సరిపెట్టుకోవచ్చు. బిగుతైందని కర్రను తగ్గించకూడదు. ఈ సైజులను అంగుళంలో 64వ వంతుల్లో చెబుతారు, ఒక వంతు అంటే సుమారు 0.4 మిల్లీమీటర్లు. వెదురు రాడ్లు బాగుచేసే మరొకరి చేత కాలిపర్‌తో ఫెరూల్ లోపలి వ్యాసం, ఫెరూల్‌కు పైనా కిందా కర్ర మందం కొలిపించి, పలకలు మిగిలాయో లేదో రాసి సంతకం పెట్టించండి. తీసేసిన పాత ఫెరూల్ మీదే, చీలినా సరే దాన్ని అడిగి తీసుకోండి. అసలు సైజు ఎంతో చెప్పేది అదే.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు. రాడ్ ఇచ్చిన రోజు నుంచి లెక్కపెట్టి అంతా అయిపోయిందనుకోకండి. నష్టం చూసి, ఇవ్వనని చెప్పించుకున్న రోజు నుంచి లెక్క. అంటే 21 నెలలు గడిచాయి, చేతిలో ఉన్నది మూడు నెలలే. ఫోన్లో బతిమాలినంత మాత్రాన గడువు పెరగదు. దాటాక వెళ్తే ఆలస్యానికి తగిన కారణం చూపాలి, ‘ఇస్తాడేమోనని ఎదురుచూశాను’ అన్నదాన్ని నమ్ముకోవద్దు. సివిల్ కోర్టులో మూడేళ్లుంటాయి గానీ కోర్టు ఫీజు, కాలయాపన భరించాలి.

కంపెనీ మాట వదిలేయండి. గ్యారంటీ ముగిసిన పాత రాడ్‌కి ఎన్నాళ్లయినా పార్టులు సరఫరా చేయాలని దాన్ని బలవంతపెట్టే చట్టం లేదు.

ఈ వారమే నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. ఒప్పుకున్న సైజు, వేసిన సైజు, అరగదీత రాసి, 15 రోజుల్లో రాడ్, పాత ఫెరూల్, నష్టపరిహారం ఇమ్మని అడగండి. రాడ్ ముందు చేతికి రావాలనిపిస్తే ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి, బ్యాంకు ద్వారా బాకీ కట్టి తెచ్చుకోండి. ‘పని సంతృప్తికరం’ అన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. నిపుణుడు కొలిచేదాకా కొత్త ఫెరూల్ పీకించవద్దు, వేడి చేసి తీస్తే సాక్ష్యం అక్కడే పోతుంది. బాకీ కట్టకూడదనుకుంటే మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే ఫీజు లేదు. రాడ్‌ని ఉన్నది ఉన్నట్టు భద్రపరచాలని వినియోగదారుల రక్షణ చట్టం 38(8) సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వు కూడా అదే ఫిర్యాదుతో అడగండి.

కేసు ముగిశాక బాగుచేయించేటప్పుడు, రెండు మార్గాలున్నాయి. పాత ఫెరూల్ కొలతకు నికెల్ సిల్వర్‌తో లేత్ మీద తిప్పించవచ్చు. లేదా అదే వ్యాసమున్న పాడైన మరో రాడ్ నుంచి తీయించవచ్చు. కొస రింగుకూ, కర్ర కొసకు తొడిగే దాని గొట్టం లోపలి వ్యాసమే చూడాలి. ఈసారి కొలతలు, ‘కర్ర అరగదీయరాదు’ అన్న మాట, తీసిన పార్టులు తిరిగి ఇవ్వాలన్న షరతు రసీదు మీద రాయించాకే రాడ్ అప్పగించండి.