డాబా మీద సోలార్ పెట్టేముందు

చిరంజీవి సౌభాగ్యవతి వాణికి పెదనాన్న దీవించి రాయునది.

నిన్న ఫోన్లో "78 వేలు సబ్సిడీ వస్తుందట పెదనాన్నా, మూడు కిలోవాట్లు పెట్టించేస్తున్నాం" అన్నావు. కాస్త ఆగు తల్లీ. మీకు ఎన్ని కిలోవాట్లు కావాలో తేల్చాల్సింది సబ్సిడీ కాదు, మీ కరెంటు బిల్లు. గడిచిన 12 నెలల బిల్లులు ముందేసుకుని యూనిట్లు కూడు. మన ఎండకి ఒక కిలోవాటు ప్యానెళ్లు రోజుకి ఇంచుమించు 4 యూనిట్లు ఇస్తాయి, నెలకి 120 అనుకో. వానాకాలంలో తగ్గుతుంది. నెలకి 150 యూనిట్లు దాటని ఇంటికి ఒకటి, మహా అయితే రెండు కిలోవాట్లు చాలు. 150 నుంచి 300 దాకా కాలిస్తే రెండో మూడో ఆలోచించాలి.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. మన బిల్లు స్లాబుల లెక్కన వస్తుంది, వాడకం పెరిగేకొద్దీ యూనిట్ రేటు పెరుగుతుంది. సోలార్ వచ్చాక ముందుగా తగ్గేది పై స్లాబులోని ఖరీదైన యూనిట్లే. మొదటి కిలోవాటు బాగా మిగులుస్తుంది, రెండోది కొంచెం తక్కువ. మూడోది వచ్చేసరికి మిగిలేది ఎలాగూ చవగ్గా వచ్చే యూనిట్లే కావచ్చు. మిగులు కరెంటు అమ్ముకుని సంపాదిస్తామని ఎవరైనా ఆశపెడితే నవ్వి ఊరుకో. నువ్వు కొనే రేటుకి కరెంటు కంపెనీ వాళ్లు నీ దగ్గర కొనరు.

సబ్సిడీ లెక్క చెప్తాను, అల్లుడుగారికి కూడా వినిపించు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో మొదటి రెండు కిలోవాట్లకి ఒక్కోదానికి 30,000, మూడోదానికి 18,000 ఇస్తారు. అక్కడితో సరి. ఐదు పెట్టినా 78,000 దాటదు. కిలోవాటు ధర 50,000 అని ప్రభుత్వమే అనుకుని అందులో 60 శాతం, మూడోదానికి 45,000 అనుకుని 40 శాతం ఇస్తోంది. నీకు వెండర్, అంటే ప్యానెళ్లు అమ్మి బిగించేవాడు, లక్షన్నర చెప్పినా రెండు లక్షలు చెప్పినా సబ్సిడీ మారదు. బేరమాడి తగ్గించిన ప్రతి రూపాయీ నీదే. కనీసం ముగ్గురి దగ్గర కొటేషన్ తీసుకో. వెండర్ పేరు ఆ పథకం వెబ్‌సైట్ లిస్టులో ఉండాలి, ప్యానెళ్లు మన దేశంలో తయారైనవే అయ్యుండాలి. చవగ్గా వస్తున్నాయని విదేశీ సెల్స్‌తో (ప్యానెల్లో ఎండని కరెంటుగా మార్చే పలకలు) చేసినవి పెట్టారో, సబ్సిడీ మీద ఆశ వదులుకోవాలి.

ఈ డబ్బు ముందు రాదు. బిగించడం అయ్యి, నెట్ మీటర్ (మీరు వాడుకున్నదీ, బయటికి పంపిందీ రెండూ లెక్కించేది) పెట్టి, కరెంటాఫీసు వాళ్లు చూసి వెళ్లి, అంతా పని మొదలెట్టిందని చెప్పే కమిషనింగ్ సర్టిఫికెట్ వచ్చాక నువ్వు బ్యాంకు వివరాలు ఇస్తే, మామూలుగా 30 రోజుల్లో నీ ఖాతాలో పడుతుంది. అందాకా మొత్తం సర్దుకోవలసింది మీరే. మూడు కిలోవాట్ల దాకా తాకట్టు లేకుండా తక్కువ వడ్డీకి బ్యాంకు లోన్ దొరుకుతుంది, అడగండి.

పేర్ల విషయంలో నేను తిన్న దెబ్బ చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. మా ఇంటి మీటర్ ఇంకా మీ తాతగారి పేరునే ఉంది. ఆయన పోయి ఎన్నేళ్లయినా బిల్లు కడుతున్నాం కదా అని ఊరుకున్నాను. తీరా అప్లికేషన్ పెట్టబోతే బిల్లు మీద పేరు ఒకటి, నా బ్యాంకు ఖాతాలో ఇంకొకటి. పేరు మార్పిడికి వారసత్వం కాగితాలు, అఫిడవిట్, తిరుగుళ్లు, అబ్బో! ఎండాకాలమంతా దానికే పోయింది. మీ మీటర్ మీ మామగారి పేరున ఉందో అల్లుడుగారి పేరున ఉందో ఇవాళే చూడు. ఇంటిపేరు, అక్షరాలు బ్యాంకులో ఉన్నట్టే ఉన్నాయా అన్నది కూడా.

ప్యానెళ్ల కంటే ముందు ఫ్యాన్లు మార్చు. మీ ఇంట్లో తిరిగే పాతవి ఒక్కోటి 75 వాట్లు తింటాయి. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం బీఎల్‌డీసీ ఫ్యాను 30 చుట్టుపక్కల. నాలుగు ఫ్యాన్లు రోజుకి 12 గంటలు తిరిగితే నెలకి 65 యూనిట్ల తేడా. అర కిలోవాటు ప్యానెళ్లు చేసే పని నాలుగు ఫ్యాన్లు చేసేస్తాయి, డాబా ఎక్కే పనే లేదు. ఫ్యాన్లకి స్టార్ లేబుల్ 2023 నుంచి తప్పనిసరి అయింది, కొనేప్పుడు అది చూడు.

ఇక డాబా. కిలోవాటుకి 100 చదరపు అడుగులు కావాలి, ప్యానెళ్ల ముఖం దక్షిణానికి. మీ వాటర్ ట్యాంకు నీడ సాయంత్రం ఎటు పడుతుందో మీ అత్తగారిని అడుగు, రోజూ బట్టలు ఆరేసేది ఆవిడే కదా. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా దాని వరసలో ఉన్నవన్నీ మందగిస్తాయి. కింద నడవడానికి వీలుగా ఎత్తులో స్టాండు వేయమంటే అదనంగా అడుగుతారు, దానికి సబ్సిడీ లేదు. అయినా వేయించు. వడియాలకి చోటు లేకుండా చేశావని జన్మంతా మాట పడలేవు.

కరెంటు పోతే ఇదీ ఆగిపోతుంది, తెలుసా? లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా సోలార్‌తో పాటు బిగించే ఇన్వర్టర్ తనంతట తాను ఆపేసుకుంటుంది. కాబట్టి మీ పాత ఇన్వర్టరు, బ్యాటరీ అమ్మేయకు.

ఐదేళ్లు మెయింటెనెన్స్ వెండరే చూడాలి, అది అగ్రిమెంట్లో రాయించుకో. దుమ్ము మాత్రం మీరే పొద్దున్నే చల్లటి పూట తుడవాలి. మధ్యాహ్నం కాలుతున్న గాజు మీద నీళ్లు పోయొద్దు.

కొటేషన్లు వచ్చాక బిల్లులతో పాటు ఫోటో తీసి పంపు. కళ్లజోడు మార్పించాను, చిన్న అక్షరాలు కూడా చదవగలను.

మీ పెదనాన్న