బైక్ తాళం ఇచ్చేముందు

చి. సురేష్‌ను ఆశీర్వదించి పెదనాన్న రాయునది.

నువ్వు బైక్ అమ్మేసి, సెకండ్ హ్యాండ్ కారు కొని హైదరాబాద్‌లో క్యాబ్ తిప్పబోతున్నావని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషం వేసిందో! ఇరవై ఎనిమిదేళ్లు ఆర్టీసీ బస్సు నడిపాను. మన ఇంట్లో నా తర్వాత స్టీరింగ్ పట్టేది నువ్వే. కానీ రాత్రి నిద్ర పట్టలేదురా.

ఆర్సీ, ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్, పర్మిట్, పొల్యూషన్, ఏదీ గడువు దాటనివ్వకు. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో చూపించినా చెల్లుతాయి. తెల్ల నంబరు ప్లేటుతో, అంటే సొంత వాడకపు బండిగా, ఒక్క కిరాయి కూడా ఎక్కించుకోకు. పర్మిట్ లేకుండా దొరికితే మొదటిసారే పదివేల జరిమానా, జైలు కూడా పడొచ్చు. కొనబోయే కారు నంబరు మీద పాత చలాన్లు ఉన్నాయేమో చూడు. ఫైనాన్సు తీరినట్టు ఎన్‌ఓసీ చేతికి వచ్చాకే డబ్బివ్వు.

ఇక బైక్ సంగతి. నీ స్నేహితుడే తీసుకుంటున్నాడట, పేరు మార్పు తర్వాత చూసుకుంటాడట. ఆ మాట వినగానే గుండె ఝల్లుమంది. నేనూ సరిగ్గా ఆ మాటే నమ్మాను.

1996లో నా చేతక్ స్కూటర్‌ను మా వీధిలో ఒకతనికి అమ్మాను. రోజూ కలిసి టీ తాగేవాళ్లం. తెల్లకాగితం మీద రాసుకుని, సంతకాలు పెట్టి, ఆర్సీ పుస్తకం, తాళాలు ఇచ్చేశాను. "వచ్చే వారం ఆర్టీవో ఆఫీసుకు వెళ్తాలే అన్నా" అన్నాడు. ఎదురుపడినప్పుడల్లా అడుగుదామనుకునేవాణ్ణి. మళ్లీ మొహమాటం. ఆర్నెల్లకు అతను ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడు.

రెండేళ్ల తర్వాత కోర్టు నోటీసు వచ్చింది. అతని బావమరిది ఆ స్కూటర్‌తో ఒక పిల్లాణ్ణి గుద్దాడు, కాలు విరిగింది. ఇన్సూరెన్సు ఎప్పుడో అయిపోయింది. నా తెల్లకాగితం తీసుకుని కోర్టుకు వెళ్లాను. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం లెక్కలో వాడే ఓనరు అన్నారు. నష్టపరిహారం నేనే కట్టాను. మీ పెద్దమ్మ గొలుసు ఆ డబ్బుకే పోయింది. వరండాలో ఆ పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లిని చూశాక, కట్టనని అనడానికి నాకు నోరు రాలేదు. 2018లో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది: ఎన్ని చేతులు మారినా, రిజిస్ట్రేషన్‌లో పేరున్నవాడిదే బాధ్యత.

కాబట్టి సురేష్, పేరు మార్పు కాగితాలైన ఫారం 29, ఫారం 30 నింపకుండా తాళం ఇవ్వకు. అమ్మినవాడు పద్నాలుగు రోజుల్లోపు ఆర్టీఏకు, అంటే రవాణా శాఖ ఆఫీసుకు, తెలియజేయాలి. స్నేహితుడు నొచ్చుకుంటే నొచ్చుకోనీ, రెండు రోజుల్లో మామూలవుతాడు. పేరు మారేదాకా అతని సిగ్నల్ జంపులకు కూడా చలాన్లు నీ ఫోన్‌కే వస్తాయి.

చలాన్ వస్తే టెన్షన్ పడకు, కళ్లు మూసుకుని కట్టనూ కట్టకు. ముందు ఫొటో చూడు. బండి నీదేనా, నంబరు సరిగ్గా చదివారా, ఆ టైంకు నువ్వు అక్కడ ఉన్నావా? తప్పు నీదైతే కట్టేసెయ్. కాకపోతే ఆధారాలతో ఫిర్యాదు పెట్టు. వినకపోతే కోర్టులో చెప్పుకునే హక్కు నీకుంది. కడితే తప్పు ఒప్పుకున్నట్టే. కోర్టు రమ్మని తారీఖు ఇస్తే మాత్రం ఎగ్గొట్టకు, వారెంటు దాకా వెళ్తుంది. పోలీసులు లైసెన్సు తీసుకుంటే రసీదు అడిగి తీసుకో. గొంతు పెంచకు, వాళ్లూ ఎండలో నిలబడే ఉద్యోగం చేస్తున్నారు.

తాగి స్టీరింగ్ ముట్టుకోవద్దు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. మొదటిసారికి ఆర్నెల్ల వరకు జైలు, పదివేల జరిమానా, లేదా రెండూ. రాత్రి ఎక్కువ తాగితే పొద్దున డ్యూటీకీ ఒంట్లో ఉంటుంది. డిపోలో నాతో పనిచేసినవాళ్లు ఉద్యోగాలు పోగొట్టుకోవడం కళ్లారా చూశాను.

నీకు ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. ఎవరికైనా తగిలితే పారిపోకు. దెబ్బ తగిలినవాళ్లను ఆస్పత్రికి చేర్చు. జనం మీదకొస్తే పక్కకు తప్పుకుని 108కి, పోలీసులకి నువ్వే ఫోన్ చెయ్. ఎంత ఆలస్యమైనా ఇరవై నాలుగు గంటల్లోపు స్టేషన్‌లో చెప్పాలి. ఇన్సూరెన్సు వాళ్లకూ రాసి తెలియజెయ్యి. తర్వాత నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే, నిన్ను ఒక్క మాట అనను.

సోమవారం పొద్దున బస్సెక్కి నేనే వస్తున్నాను. నీ స్నేహితుణ్ణి కూడా రమ్మను, ముగ్గురం కలిసి ఆర్టీఏ ఆఫీసుకు వెళ్దాం. కారు వచ్చాక మీ పెద్దమ్మను ఒకసారి యాదగిరిగుట్ట తీసుకెళ్లు. గొలుసు మాట మాత్రం ఆమె దగ్గర ఎత్తకు.

మీ పెదనాన్న