రీలు నంబరు చూసుకో, అమ్మలూ

చిరంజీవి అమ్మలూకి పెదనాన్న ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "దానికి అచ్చం నీ పిచ్చే పట్టింది అన్నయ్యా, నెలకో ఆదివారం పాత సినిమాలు వేస్తుందట" అన్నాడు. కోపంగా ఉన్నాడేమో అనుకున్నాను. గొంతు వింటే లోపల మురిసిపోతున్నాడని తెలిసిపోయింది. నాకూ అంతే. ఫోన్ పెట్టేశాక నిద్ర పట్టలేదు. 1936లోనే నిడమర్తి సూరయ్య గారు దుర్గా సినీటోన్ అనే సినిమా స్టూడియో పెట్టిన రాజమండ్రిలో, మా ఇంటి పిల్ల పాత సినిమాల కోసం హాలు మాట్లాడుకుందంటే గర్వంగా ఉండదా? భయమూ ఉంది. అందుకే తెల్లారకుండానే లేచి కూర్చుని రాస్తున్నాను.

ముందు చిన్న విషయాలు. హాలు అద్దె ఎంత, ఏసీ ఖర్చు ఎవరిది, ఎన్నింటికి ఖాళీ చెయ్యాలి, అన్నీ కాగితం మీద రాయించుకో. సినిమా హక్కులు ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని రాతపూర్వకంగా అనుమతి తీసుకో. డిస్క్ కొన్నాం కదా, ఓటీటీకి డబ్బు కట్టాం కదా అంటే కుదరదు, దాంతో పదిమందికి వేసి చూపించే హక్కు రాదు. మొదట్లో కొన్నాళ్ళు చేతి డబ్బు పోతుంది, దానికి సిద్ధంగా ఉండు. నీ నగల జోలికి వెళ్ళావని తెలిస్తే మాత్రం నేనే వచ్చి ఆ హాలుకి తాళం వేస్తాను, గుర్తుంచుకో.

నీ లిస్టు మీ నాన్న పంపాడు. మొదట మాయాబజార్ పెట్టావు, మంచి పని చేశావు. అమ్మమ్మలు మనవల్ని వెంటేసుకుని వస్తారు. అయితే 2010లో రంగులద్ది విడుదల చేసినది వెయ్యకు. దాన్ని వెడల్పాటి సినిమాస్కోప్ కొలతకి మార్చారు. దర్శకుడు కె.వి. రెడ్డి గారు, కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ కలిసి 1957లో దాదాపు చదరంగా ఉండే ఫ్రేములో, నలుపు తెలుపుల్లో ఆ వెన్నెలని తీశారు. అదే చూపించు. తెరకి రెండు పక్కలా నల్లగా ఖాళీ మిగులుతుంది. ఆపరేటర్ "తెర నిండటం లేదు మేడమ్" అని బొమ్మని సాగదియ్యబోతాడు, ఒప్పుకోకు. సినిమా మూడు గంటలు దాటుతుంది, పెద్దవాళ్ళుంటారు కాబట్టి ఇంటర్వెల్ ఇవ్వు. రెండో నెలకి ఒక ఊరి కథ. మృణాల్ సేన్ 1977లో ప్రేమ్‌చంద్ కథని తెలుగులో తీశాడని మనవాళ్ళలోనే చాలామందికి తెలియదు. అదీ బాగుంది.

మూడోది సత్యజిత్ రే తీసిన బెంగాలీ సినిమా పథేర్ పాంచాలి. ఆ పేరు చూసి ఫోను పక్కన పెట్టేశాను.

ఇది మీ పెద్దమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు. 1983లో కాకినాడలో మేం పదిహేనుమందిమి కలిసి ఒక ఫిల్మ్ సొసైటీ నడుపుకునేవాళ్ళం. ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకి హాలు ఇచ్చేవాళ్ళు, మార్నింగ్ షో జనం వచ్చేలోగా ఖాళీ చేసెయ్యాలి. సినిమా అయ్యాక సైకిల్ స్టాండులో వేపచెట్టు కింద నిలబడి మాట్లాడుకునేవాళ్ళం. ప్రింటు రైల్లో పార్శిల్‌గా డబ్బాల్లో వచ్చేది. ముందు ఊరివాళ్ళు రీళ్ళని ఒక్కోసారి తప్పు డబ్బాల్లో సర్దేస్తారని, డబ్బా మీద నంబరు నమ్మొద్దని, ప్రతిదీ తెరిచి రీలు మొదట్లో బొమ్మ లేని ఫిల్ము ముక్క, అంటే లీడర్ మీద రాసిన నంబరు చూసుకోమని ఆపరేటర్ ఎప్పుడూ చెప్పేవాడు. పథేర్ పాంచాలి వచ్చిన శనివారం రాత్రి ఆ పని నాది. నేను చూడలేదు. మర్నాడు వేపచెట్టు కింద ఏం మాట్లాడాలో రాసుకుంటూ కూర్చున్నాను.

సినిమాలో అక్కాతమ్ముళ్ళు రైలు చూసి తిరిగొస్తుంటే, వెదురు తోపులో ముసలి అత్త కూర్చున్నచోటే చనిపోయి ఉంటుంది. ఆమె చెంబు దొర్లుకుంటూ పోయి నీళ్ళలో పడుతుంది. మా హాల్లో అది అయిన కాసేపటికే ఆ ముసలామె మళ్ళీ ఇంట్లో కనిపించింది. మధ్యలో రెండు రీళ్ళు తారుమారయ్యాయి. నూట యాభై మందిలో ఒక్కరూ నోరెత్తలేదు. సత్యజిత్ రే సినిమా కదా, ఇలాగే ఉంటుందేమో అనుకున్నారు. నాకు అనుమానం రాలేదని చెప్పను. వచ్చింది. లేచి ఆపరేటర్ గదికి వెళ్ళి అడగడానికి నామోషీ అనిపించింది.

చెట్టు కింద నేను నా ఉపన్యాసం చెప్పేశాను. అప్పుడు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ముందుకొచ్చారు. ప్రతి నెలా వచ్చేవారు, వెనక నుంచి మూడో వరసలో నడవ పక్క సీటు ఆయనది. "బాబూ, నేను నవల తెలుగులో చదివాను. ఆ ముసలమ్మ పోయాక మళ్ళీ ఎలా వచ్చింది? ఎక్కడో వరస తప్పినట్టుంది" అన్నారు, చాలా నెమ్మదిగా. నేనేమన్నానో తెలుసా? "మాస్టారూ, ఇలాంటి సినిమాల్లో కాలం వరసగా నడవదు. చూడటం అలవాటు చేసుకోవాలి" అన్నాను. చుట్టూ ఉన్న కుర్రాళ్ళు నవ్వారు. ఆయన తల ఊపి, గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు.

సోమవారం ప్రింటు తిరిగి పంపడానికి సర్దుతూ లీడర్లు చూశాను. ఆయన చెప్పిందే నిజం. ఆ రోజే సైకిలెక్కి ఆయన ఇంటికి వెళ్ళుంటే సరిపోయేది. పది నిమిషాల దారి. వచ్చే నెల వస్తారుగా, అప్పుడు చెబుదాం అనుకున్నాను. ఆయన రాలేదు. ఆ పై నెలా రాలేదు. ఏడాది దాటాక సిగ్గు విడిచి వెళితే ఇంటికి తాళం ఉంది. కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారన్నారు పక్కింటివాళ్ళు. ఏ ఊరో వాళ్ళకీ తెలియదు.

నీకు రీళ్ళుండవు, హార్డ్ డిస్కు ఉంటుందని తెలుసు. కానీ దానికీ కేడీఎం అని ఒక డిజిటల్ తాళంచెవి ఉంటుందట కదా, ఫలానా హాలు సర్వర్‌కి, ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకే పనిచేస్తుందట. ఆ గడువులో శనివారం కూడా ఉండేలా అడిగి తెప్పించుకో. ముందురోజే సినిమా మొత్తం వేసి చూడు. ఐదు నిమిషాలు చూసి సరిపోయిందనుకోకు. మొత్తం చూడు. సబ్‌టైటిల్స్ చివరిదాకా మాటలతో కలిసి వస్తున్నాయో లేదో చూడు. పథేర్ పాంచాలి నెగటివ్‌లు 1993లో లండన్ ల్యాబ్‌లో మంటల్లో చిక్కుకున్నాయి. కాలిన వాటిని నెలల తరబడి బాగుచేసి, 2015లో కొత్త 4కే ప్రతిని బయటికి తెచ్చారు. అంత కష్టపడి బతికించినదాన్ని మనం పాడుచెయ్యకూడదమ్మా.

సినిమా అయ్యాక మైకు ముందు నువ్వు తీసుకోకు. చూసినవాళ్ళకి ఇవ్వు. ఎవరైనా "ఇదేమిటి, అర్థం కాలేదు" అంటే దగ్గరికి వెళ్ళి విను. అలా అన్నది వయసైనవాళ్ళయితే కుర్చీ చూపించి కూర్చోబెట్టి మరీ విను.

నీ ఏడేళ్ళప్పుడు మా అటక మీది, ఫిల్ము చుట్టే ఖాళీ స్పూలు కిందికి దించి, చక్రంలా వీధంతా దొర్లించావు. నేను కేకలేశాను, నువ్వు రెండురోజులు నాతో మాట్లాడలేదు. ఆ స్పూలు ఇంకా ఉంది. నీ కోసం తెస్తున్నాను.

మూడో నెల సినిమాకి శనివారం మధ్యాహ్నం బస్సుకే వచ్చేస్తాను. మనిద్దరం ఖాళీ హాల్లో కూర్చుని మొత్తం చూద్దాం. పెద్దమ్మ కాజాలు కట్టిస్తానంటోంది. ఆదివారం షోకి నాకు వెనక నుంచి మూడో వరసలో, నడవ పక్క సీటు ఉంచు.

ఇట్లు,
మీ పెదనాన్న