అరకిలోమీటరు అడవి

ప్రశ్న: అమ్మా, పోయిన ఆదివారం మా పిల్లలిద్దర్నీ, మా అత్తగారినీ తీసుకుని మన విశాఖ కంబాలకొండ అడవికి వెళ్లాం. పెద్దాడికి తొమ్మిదేళ్లు, పాపకి ఆరు. గంటన్నర నడిచినా ఒక్క జంతువు కనబడలేదు. పిల్లలు కాళ్ల నొప్పులని ఒకటే గొడవ. "ఎదురుగా జూకి వెళ్లుంటే పులినే చూసేవాళ్లం కదా" అని మావారు. మళ్లీ వెళ్లమంటారా? వెళితే పిల్లలకి ఏం చూపించాలి?
— ఒక తల్లి, మద్దిలపాలెం

జవాబు: మళ్లీ వెళ్లండమ్మా. కానీ ఈసారి గంటన్నర నడవకండి. అరకిలోమీటరు నడిచి, గంటన్నర ఉండండి.

మీవారు అన్నదాంట్లో తప్పేమీ లేదు. హైవేకి సముద్రం వైపు జూ, కొండ వైపు అడవి. 1977లో జూ తెరిచినప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మా నాన్నగారితో వెళ్లి పులి ముందు నిలబడ్డ రోజు ఇప్పటికీ గుర్తుంది. జూలో పులి ఎక్కడుందో బోర్డు చెబుతుంది. కొండ మీద అలా కాదు. మనం గేటు దాటి నాలుగు మాటలు మాట్లాడుకునేసరికే అక్కడున్న ప్రాణి పక్కకి తప్పుకుంటుంది. కంబాలకొండ అభయారణ్యం 70 చదరపు కిలోమీటర్ల పైమాటే. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉండేది, 2002లో అభయారణ్యం అయింది. లోపల చిరుత ఉంది, కణితి, దుప్పి, కొండగొర్రె, అడవిపంది, అలుగు ఉన్నాయి. చాలావరకు రాత్రిపూట, లేదంటే మసక వెలుతుర్లో తిరిగేవే. ఆదివారం పూట జనం మధ్య అవి కనబడకపోవడమే మామూలు. మీ పిల్లల అదృష్టం బాగోలేక కాదు.

నేను ముప్పై ఏళ్లు కాలేజీలో బోటనీ చెప్పాను. మొదట్లో నాకూ ఒకటే ధ్యాస, విద్యార్థుల్ని దారి చివరిదాకా నడిపించి వెనక్కి తేవాలి. ఒక అక్టోబరులో ఇరవై మందిని వెంటబెట్టుకుని వెళ్లాను. గెడ్డ (వాగు) దాటుతుంటే ఒకమ్మాయి చెప్పు తెగింది. ఎవరి దగ్గరో పిన్నీసు దొరికింది, దాంతో పట్టీ బిగించేదాకా అందరం నిలబడిపోయాం. అప్పుడు కనబడింది, మా తలల పక్కనే, రెండు చెట్ల మధ్య బారెడు వెడల్పు సాలెగూడు. మధ్యలో నా అరచేయంత సాలీడు. నల్లటి కాళ్లు, కీళ్ల దగ్గర పసుపు. అంతకుముందు రెండు వారాల్లో రెండుసార్లు అదే దారిన వెళ్లాను, ఒక్కసారీ చూడలేదు.

ఎండ పక్కనుంచి పడితే ఆ గూటి దారాలు బంగారు రంగులో మెరిశాయి. అది ఎండ రంగు కాదు, ఆ సాలీడు తీసే దారమే పసుపు. ఇంకా దగ్గరికి వెళ్లి చూస్తే పెద్దదానికి పైన, బియ్యపు గింజకంటే కాస్త పెద్దగా, ఎర్రటి సాలీడు ఒకటి. పిల్లనుకున్నారు అందరూ. అది మగది. ఆ జాతిలో ఆడది అంత పెద్దది, మగది అంత చిన్నది. గూటి అంచున వెండి చుక్కల్లా మెరుస్తున్నవి వేరే జాతి సాలీళ్లు, పెద్దదాని గూట్లో చిక్కిన చిన్న పురుగుల్ని దొంగతనంగా తినేవి. ఒక గూడు, మూడు రకాల బతుకులు. చెప్పు బాగైపోయినా అరగంటసేపు ఎవరూ కదల్లేదు. ఆ రోజు మేం దారి చివరిదాకా వెళ్లనే లేదు. ఆ అమ్మాయి ఇప్పుడు తన పిల్లలకి అలాంటి గూళ్లు చూపిస్తోందట, ఫోన్ చేసి చెప్పింది.

కాబట్టి దారి పక్కన ఒక బండ చూసుకుని కూర్చోండి. ముందు పిల్లల్ని పది నిమిషాలు కళ్లు మూసుకుని ఎన్ని రకాల కూతలు వినబడ్డాయో వేళ్ల మీద లెక్కపెట్టమనండి. నెమలి కేక వాళ్లు తేలిగ్గానే పట్టేస్తారు. తర్వాత నేల చూడమనండి. నాగలి దున్నినట్టు మట్టి తిరగబడి ఉంటే రాత్రి అడవిపంది దుంపల కోసం తవ్విందన్నమాట. మేకపెంటికల్లాంటివి కుప్పగా కనబడితే దుప్పిదో, కొండగొర్రెదో. ఆకులు దగ్గరికి లాగి గూడు కుట్టే ఎర్రచీమల్ని వెతకమనండి. పెద్ద చీమలు ఆకుల అంచులు పట్టి లాగుతుంటే, ఇంకొన్ని తమ పిల్లపురుగుల్ని నోట కరుచుకొచ్చి, వాటి నోటి నుంచి వచ్చే పట్టుదారంతోనే కుట్లు వేస్తాయి. దూరం నుంచే చూడాలి సుమా, అవి కుడితే మంటగా ఉంటుంది. జూన్ ఆఖరున ఆరుద్ర కార్తెలో తొలి వానలు పడ్డాక వెళితే ఎర్ర మఖమల్ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు కనబడొచ్చు. ఏది చూసినా పట్టుకోకూడదు, తెంపకూడదు, ఇంటికి తేకూడదు. అభయారణ్యంలో ఎండిన ఈక తీసుకురావడమూ తప్పే.

ఇక మీ అత్తగారు. ఆవిణ్ణి నీడన కూర్చోబెట్టేసి మీరు ముందుకి వెళ్లిపోయి ఉంటారు, అవునా? ఈసారి ఆవిణ్ణే ముందు నడవమనండి. చెట్ల పేర్లు నాకంటే మీ అత్తగారి తరానికే బాగా తెలుసు. "బతికుంటే బలుసాకు తిని బతకొచ్చు" అని మనం అంటూనే ఉంటాం. ఆ బలుసు తుప్ప మన కొండల మీద ఉంది. ఎదురెదురుగా జంట ముళ్లు, చిన్న ఆకులు. మీ పిల్లలు దాన్ని ఎప్పుడైనా చూశారా? వాక్కాయ, అల్లి, రేల, ముష్టి... ఒక్కో దాని వెనక ఆవిడ దగ్గర ఒక కథ ఉంటుంది. ఇంకోటి. తల విరిగి పక్క నుంచి కొత్త కొమ్మలు వేసిన పెద్ద చెట్లు కనబడితే అక్కడ ఆగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మన ఊరి మీద తీరం దాటింది. వారం తర్వాత నేను హైవే మీద నిలబడి చూస్తే కంబాలకొండ మొత్తం కాలిపోయినట్టు గోధుమ రంగులో ఉంది, ఒక్క ఆకు లేదు. రోడ్డు మీదే ఏడ్చాను. తుపాను రోజు మీ ఇంట్లో ఏం జరిగిందో మీ అత్తగారు పిల్లలకి ఆ చెట్టు కిందే చెప్పాలి. మీ పిల్లలు అప్పటికి పుట్టలేదు.

వెళ్లడం మాత్రం గేటు తెరిచిన వెంటనే వెళ్లండి. తొమ్మిది దాటితే మన విశాఖ ఉక్కపోతలో పిల్లలే కాదు, పిట్టలూ చప్పుడు చెయ్యవు.

ప్రశ్న: మేడమ్, ఆరిలోవలో కొండ పక్కనే మా ఇల్లు. చిరుత వచ్చి కుక్కల్ని ఎత్తుకుపోతోందని అంటున్నారు. పొద్దున నాలుగున్నరకి కొండ వైపు నడకకి వెళ్లడం నాకు అలవాటు. మానేయాలా?
— ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: నడక మానకండి, వేళ మార్చండి. బాగా తెల్లారాక బయల్దేరండి, సాయంత్రమైతే చీకటి పడకముందే ఇంటికి చేరండి. ఆ మసక వేళలు చిరుతవి. ఒంటరిగా వద్దు, ఇద్దరు ముగ్గురు మాట్లాడుకుంటూ నడిస్తే మనుషులున్నారని దానికి తెలుస్తుంది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు అసలు వద్దు. ఎదురుపడిందే అనుకోండి, పరుగెత్తొద్దు, వంగొద్దు. దానివైపే ముఖం పెట్టి, చేతులు పైకెత్తి, గట్టిగా మాట్లాడుతూ నెమ్మదిగా వెనక్కి జరగండి. పక్కన చిన్నపిల్లలుంటే ఎత్తుకోండి. కనబడ్డ సంగతి అటవీశాఖ వాళ్లకి చెప్పండి. జనాన్ని పోగేసి తరమొద్దు, తరిమిన చిరుతే మనిషి మీద పడుతుంది.

మీ వీధి చివర చెత్త పోస్తున్నారేమో చూడండి. చెత్త ఉన్నచోట కుక్కలు, కుక్కలున్నచోట చిరుత. ఆ కుప్ప తీయించడం మీ కాలనీ అందరి పని.

నిజం చెప్పాలంటే నేను చిరుతకంటే రక్తపింజరి పాముకి ఎక్కువ జాగ్రత్తపడతాను. ఎండుటాకుల రంగులో ఉంటుంది, అలికిడైనా కదలదు. కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస వినబడితే, అది ఎక్కడుందో కనబడేదాకా అడుగు వేయకండి. కాళ్లు మూసే బూట్లు, చేతిలో కర్ర, అడుగు పెట్టే చోటు మీద చూపు, ఈ మూడూ ఉండాలి. పాము కరిస్తే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. ఆ కాలు కదలకుండా ఉంచి, నడిపించకుండా, 108కి ఫోన్ చేసి నేరుగా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకే విరుగుడు మందు పనిచేస్తుంది. ఏ పామో తేల్చడానికి దాన్ని చంపి పట్టుకెళ్లాల్సిన పనిలేదు. మంత్రం దగ్గర పోయే గంటే ప్రాణం తీసేది.

ప్రశ్న: కార్తీక మాసంలో మా అపార్ట్‌మెంట్ వాళ్లం నలభై మందిమి కంబాలకొండలో వనభోజనాలు పెట్టుకుందామనుకుంటున్నాం. గ్యాస్ పొయ్యి, స్పీకర్లు తీసుకెళ్లొచ్చా?
— అసోసియేషన్ కార్యదర్శి, ఎంవీపీ కాలనీ

జవాబు: వద్దండీ, రెండూ వద్దు. కార్తీకానికి గడ్డి ఎండడం మొదలవుతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. అభయారణ్యానికి ముప్పు తెచ్చేలా నిప్పు పెట్టడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. స్పీకర్ సంగతి మీకే వదిలేస్తాను. పిట్టల కూత వినడానికి వెళ్లి పాటలు పెట్టుకోవడం ఎందుకు?

వండుకుని తీసుకెళ్లండి. పులిహోర, దద్దోజనం, గారెలు స్టీలు క్యారేజీల్లో, నీళ్లు ఇంటి సీసాల్లో. భోజనం ఎక్కడ చేయొచ్చో గేటు దగ్గర అడగండి, వాళ్లు చూపిన చోటే కూర్చోండి. ప్లాస్టిక్ ప్లేట్లు కాకుండా అడ్డాకు విస్తళ్లు తీసుకోండి. మన ఏజెన్సీలో ఆకులు కోసి కుట్టేవాళ్లకి నాలుగు డబ్బులు ముడతాయి. తిన్నాక ఆ విస్తళ్లు కూడా అక్కడ పారేయకండి, సంచిలో కట్టి తెచ్చేయండి. మిగిలిన అన్నం కోతులకి పెట్టడం పుణ్యం అనుకుంటారు చాలామంది. అన్నం అలవాటైన కోతి మర్నాడు ఇంకొకరి పిల్ల చేతిలో పొట్లం లాక్కుని కరుస్తుంది.

ప్రశ్న: నాకు మోకాళ్ల నొప్పులు. ఎక్కలేను. కొండగాలి మీద ఆశ చావడం లేదు. ఎక్కడికి వెళ్లను?
— ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: తొట్లకొండ వెళ్లండి. భీమిలి రోడ్డులో ఉంది, పైదాకా కారు వెళుతుంది. బౌద్ధ భిక్షువులు రాతిలో తొలిచిన నీటి తొట్లే ఆ కొండకి పేరు. 1976లో నేవీ వాళ్ల విమాన సర్వేలో బయటపడిన చోటు. సాయంత్రం నాలుగింటికి వెళ్లి సముద్రం వైపు కూర్చోండి. ఎర్రమట్టి దిబ్బలకి మాత్రం ఎవరు రమ్మన్నా వద్దు, అక్కడి ఇసుకలో మోకాళ్లు ఇంకా నొస్తాయి.

ప్రశ్న: ట్రెక్కింగులో ఏదో తీగ తగిలి చేయంతా దురద, దద్దుర్లు. స్నానం చేసినా తగ్గలేదు. రెండు రోజులు నిద్రపోలేదు. ఏమిటిది? మళ్లీ జరిగితే ఏం చేయాలి?
— ఇంజినీరింగ్ విద్యార్థి, మధురవాడ

జవాబు: బాబూ, నువ్వు చెప్పిన లక్షణాలు చూస్తే అది దూలగొండి. చిక్కుడు జాతి తీగ. చలికాలం దాటేసరికి కాయలు ముదిరి, ఒంటినిండా బంగారు గోధుమ రంగు నూగుతో వేలాడతాయి. అచ్చం మఖమల్ లాగే ఉంటుంది, చూస్తే తాకాలనిపిస్తుంది. నేను చదువుకునే రోజుల్లో, అరకు టూర్లో, హెర్బేరియం (మొక్కల్ని ఎండబెట్టి దాచే సేకరణ) కోసం ఒక కాయ ఒట్టి చేత్తో కోశాను. ఆ నూగులో ఒక్కో వెంట్రుకా ఒక సన్నటి సూది, దురద పుట్టించే పదార్థం దాంట్లోనే ఉంటుంది. చేయి గోక్కున్నాను, అదే చేత్తో మెడ తుడుచుకున్నాను. రాత్రంతా కూర్చునే ఉన్నాను.

రుద్దకు, గోకకు. రుద్దితే సూదులు లోపలికి దిగుతాయి, పక్కకి పాకుతాయి. ప్యాకింగ్ టేపు గానీ ప్లాస్టరు గానీ అతికించి ఒక్కలాగుడు లాగు, కొత్త ముక్కతో మళ్లీ మళ్లీ చెయ్యి. నూగంతా టేపుకి వచ్చేశాకే సబ్బూ నీళ్లూ. ఆవుపేడ రాయమని పెద్దవాళ్లు చెబుతారు. ప్రేమతోనే చెబుతారు కానీ, గోకి చిట్లిన చర్మం మీద అది వద్దు. కంట్లో పడితే మాత్రం నలపకుండా నీళ్లతో కడిగి వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లు. ఇకమీదట కొండకి పొడుగు చేతుల చొక్కా వేసుకో, సంచిలో టేపు చుట్ట ఒకటి పెట్టుకో. ఆ రోజు వేసుకున్న చొక్కా ఇంకా ఉతక్కపోతే మీ అమ్మగారి చేతికి ఇవ్వకు. తిరగేసి బకెట్లో విడిగా నానబెట్టు, చేతి తొడుగులు వేసుకుని నువ్వే ఉతుక్కో.