హద్దు రాయి దగ్గర ఆగిన ప్రార్థన

ప్రశ్న: ప్రకాశం జిల్లాలో ఒక మండల కార్యాలయంలో సర్వేయరుగా పనిచేస్తున్నాను. వయసు 47. మా తాతల తాత ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో బాప్తిస్మం పొందినవాడు. ప్రతి ఆదివారం మందిరానికి వెళతాను. శుక్రవారం ఉపవాస ప్రార్థన, ఆదాయంలో పదో వంతు ఇచ్చే దశమభాగం ఎన్నడూ తప్పలేదు. అయినా ఏడాదిగా బతుకు ఖాళీగా అనిపిస్తోంది. రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. దేవుడు నన్ను పూర్తికాల సేవకు పిలుస్తున్నాడేమో! స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని సువార్త పనిలోకి వెళ్లాలని బలంగా అనిపిస్తోంది. నా భార్య టీచరు. అమ్మాయి ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. 'ముందు పిల్ల చదువు పూర్తి కానివ్వండి' అంటుంది. ఆమెకు విశ్వాసం తక్కువేమో అనుకుంటున్నాను. ఆఫీసులో నేను ఎవరినీ ఏదీ అడగను. రైతులు ఇష్టపడి ఇచ్చింది తీసుకుంటాను, అందులోంచి కూడా దశమభాగం ఇస్తాను. ఒక్కడే తమ్ముడు, హైదరాబాదులో కారు డ్రైవరు. ఆరేళ్ల క్రితం నాన్నగారి పొలం పంచుకున్నప్పటి నుంచి మాట్లాడడు. ఎకరం అరవై సెంట్లలో చెరి ఎనభై సెంట్లు. రోడ్డు వైపుది నాకు వచ్చింది. సంతకం తనే పెట్టాడు. క్రీస్తు బోధ ప్రకారం అర్థవంతంగా బతకాలంటే నేనేం చేయాలి? ఉద్యోగం వదలమంటారా?

జవాబు:

సోదరా, మీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. పిలుపు గురించీ సేవ గురించీ మీ భార్య విశ్వాసం గురించీ వివరంగా రాశారు. తమ్ముడి గురించి నాలుగు ముక్కల్లో ముగించారు. రాత్రి రెండింటికి మిమ్మల్ని లేపుతున్నది ఆ నాలుగు ముక్కలేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

ఉద్యోగం సంగతి ముందు చెబుతాను. ఇప్పుడు వదలకండి. 'మేమేం చేయాలి' అని మీరు అడిగిన ప్రశ్నే యొర్దాను ఒడ్డున బాప్తిస్మమిచ్చే యోహానును జనం అడిగారు. లూకా సువార్త మూడో అధ్యాయంలో ఉంది, మీరు ఎన్నోసార్లు చదివే ఉంటారు. పన్ను వసూలు చేసే సుంకరులు వచ్చి అడిగితే, నిర్ణయించినదానికంటే పైసా ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులు అడిగితే, ఎవరినీ బెదిరించి లాక్కోవద్దు, మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. వాళ్లలో ఒక్కరినీ కొలువు మానేసి తన వెంట అరణ్యానికి రమ్మనలేదు. రేపు ఉదయం అదే కుర్చీలో కూర్చుని వేరే మనిషిగా పనిచేయమన్నాడు. కుర్చీ వదలడం కంటే అది చాలా కష్టమని మీకు నేను చెప్పనక్కరలేదు.

'నేను అడగను, వాళ్లే ఇస్తారు' అన్నారు. కొలత కోసం మూడు నెలలుగా తిరుగుతున్న రైతు, తన కాగితం మీ బల్ల మీద ఉండగా జేబులోంచి తీసి ఇచ్చేది ఇష్టంతో ఇచ్చేది కాదు. లంచం చూపున్నవాడిని కూడా గుడ్డివాడిని చేస్తుందని నిర్గమకాండం చెబుతోంది. అడిగి తీసుకున్నదీ అడగకుండా తీసుకున్నదీ అని అందులో తేడా ఏమీ పెట్టలేదు. దానిలో పదో వంతు కానుకల పెట్టెలో వేసినంత మాత్రాన మిగతా తొమ్మిది వంతులూ శుభ్రపడవు. కఠినంగా అంటున్నానని నొచ్చుకోకండి. ఇన్నేళ్లుగా మీ మనసుకు ఊరట ఇచ్చిన లెక్క అదే, ఇప్పుడు ఆ లెక్కే మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదు. రేపటి నుంచి తీసుకోవడం మానేయండి. ఆఫీసులో ఇబ్బంది వస్తుంది, పంచుకునే అలవాటున్న చోట పంచుకోనివాడిని అనుమానంగా చూస్తారు, దూరం బదిలీ చేయవచ్చు కూడా. దానికి ఇంట్లో అందరూ ముందే సిద్ధపడండి. తీసుకున్నవారిలో గుర్తున్నవారికి, ముఖ్యంగా పేదవారికి, వెళ్లి తిరిగి ఇవ్వండి. సుంకరి జక్కయ్య తన ఇంట్లో ప్రభువు ఎదుట నిలబడి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. మీరు అసలు దగ్గర మొదలుపెట్టినా మంచిదే.

మీ తాతల తాత పేరుతో పాటు క్లౌ గారి పేరు రాశారు కాబట్టి ఒక సంగతి గుర్తు చేయాలి. ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ మిషనరీ కాకముందు అమెరికాలో సర్వేయరు. 1876-78 కరువులో జనం తిండి లేక చనిపోతుంటే, ఆ పాత విద్యే ఆయనకు అక్కరకొచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవారికి కూలి దొరికేలా చేశాడు. కరువు నడుస్తున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, గంజి కోసం ఎవరూ తలవంచకూడదని. ఆ తర్వాతే, 1878 జూలై 3న, ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ అంకెను మన సంఘాల్లో ఎంతో గర్వంగా చెప్పుకుంటాం. నాకు మాత్రం ఆ కాలువ గట్టు మీద కొలత వేస్తున్న మనిషే ఎక్కువ గుర్తుండిపోయాడు. సర్వేయరు విద్య దేవుడి పనికి అడ్డమైతే ఆయన కాలువ దగ్గరికి వెళ్లేవాడే కాదు. ఎకరం భూమి కోసం అన్నదమ్ములు కొడవళ్లు పట్టుకునే ఊళ్లలో, డబ్బుకు లొంగకుండా హద్దు చూపే సర్వేయరు చేసే సేవ ఏ కూటంలోని ప్రసంగానికీ తీసిపోదు.

ఇక పొలం సంగతి.

'చెరి ఎనభై సెంట్లు' అన్నారు. విస్తీర్ణంలో ఒక్క సెంటు తేడా లేదు, నమ్ముతాను. కానీ గీత ఎటు గీశారు? రోడ్డుకు సమాంతరంగా అడ్డంగా గీశారు కాబట్టే ముందు భాగం మొత్తం మీకు, వెనక భాగం మొత్తం తమ్ముడికి వచ్చింది. అతని భాగానికి దారి ఉందో లేదో మీరు రాయలేదు. రాయలేదు గనుక లేదనే అనుకుంటున్నాను. అదే గీతను రోడ్డు నుంచి వెనక గట్టు దాకా నిలువుగా గీసి ఉంటే ఇద్దరికీ రోడ్డు వచ్చేది. ఈ విషయం డ్రైవరుకు తెలియకపోవచ్చు, సర్వేయరుకు తెలియకుండా ఉండదు. అన్నయ్య కొలిచాడు గదా అనే నమ్మకంతోనే అతను సంతకం పెట్టి ఉంటాడు. ఆ నమ్మకాన్ని మీరు సంతకంగా వాడుకున్నారు.

కొలతలో అన్యాయం చేయవద్దని లేవీయకాండం పందొమ్మిదో అధ్యాయం, పొరుగువాడి హద్దు రాయి జరిపినవాడు శాపగ్రస్తుడని ద్వితీయోపదేశకాండం ఇరవై ఏడో అధ్యాయం చెబుతున్నాయి. మీ వృత్తినే ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడుతున్నట్లు లేదూ? దేవుడు మిమ్మల్ని పిలుస్తున్నాడేమో అని అడుగుతున్నారు. ఆయన ఇంత స్పష్టంగా మాట్లాడింది మరెవరితోనో నాకు గుర్తు రావడం లేదు.

కొండమీద ప్రసంగంలో బలిపీఠం మాట తీయండి. కానుక అర్పించేటప్పుడు నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుకను అక్కడే వదిలి ముందు వెళ్లి అతనితో సమాధానపడమన్నాడు ప్రభువు. నీకు అతని మీద కోపం ఉంటే అనలేదు, అతనికి నీ మీద ఉంటే అన్నాడు. మీకు తమ్ముడి మీద కోపం లేకపోవచ్చు. రోడ్డు వైపు పొలం చేతిలో ఉన్నవాడికి కోపం ఎందుకుంటుంది? ఇంకో సంగతి గమనించండి. ఆ మాటలు విన్నవారు గలిలయ మనుషులు, బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్యలో కొన్ని రోజుల కాలినడక. అంత దూరం తోలుకొచ్చిన గొర్రెను గుడి దగ్గర వదిలి, మళ్లీ ఊరికి నడిచి వెళ్లి, తమ్ముడిని కలిసి, తిరిగి రావాలి. వింటున్నవారు ఒక్క క్షణం నిర్ఘాంతపోయి ఉంటారు. మీకు ఆ శ్రమ కూడా లేదు. రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి హైదరాబాదు.

ఎలా వెళ్లాలో కూడా చెబుతాను, ఎందుకంటే సదుద్దేశంతో వెళ్లి చెడగొట్టుకున్నవారిని చూశాను. పాస్టరుగారినీ పెద్దమనుషులనూ వెంటబెట్టుకుని వెళ్లకండి. నలుగురి ముందు క్షమాపణ అడిగితే, ఆ నలుగురి మొహం చూసి అతను క్షమించాల్సి వస్తుంది, అది మళ్లీ ఒక సంతకమే అవుతుంది. ఆదివారం సాక్ష్యంలో ముందే చెప్పేయకండి. 'కానీ నువ్వు కూడా' అనే మాట నోట్లోకి వస్తే మింగేయండి. నాన్నగారి వైద్యానికి ఎవరు ఎంత పెట్టారన్న లెక్క ఆ రోజు వద్దు. పంపకం మళ్లీ రాసుకుందాం, రిజిస్ట్రేషన్ ఖర్చంతా నాదే అని చెప్పండి. ఆరేళ్లు రోడ్డు వైపు భూమి మీద మీకు కౌలు వచ్చి ఉంటే, అందులో అతని వాటా కూడా ముందే లెక్కగట్టి తీసుకెళ్లండి.

అతను తలుపు తీయకపోవచ్చు. తీసి తిట్టవచ్చు. ఇప్పుడు గుర్తొచ్చానా అని మరదలు ఏడవవచ్చు. ఏశావును మోసం చేసిన యాకోబు ఇరవై ఏళ్ల తర్వాత అన్నకు ఎదురు వెళ్లేటప్పుడు ఎంత భయపడ్డాడో ఆదికాండంలో చదవండి. మందలను ముందు పంపాడు, ఏడుసార్లు సాగిలపడ్డాడు. ఏశావు పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ఏడ్చాడు. మీ తమ్ముడు అలాగే చేస్తాడని నేను మాట ఇవ్వలేను. క్షమించడం అతని చేతుల్లో ఉంది, దానికి మీరు గడువు పెట్టకూడదు. గీత మార్చడం మాత్రం మీ చేతుల్లో ఉంది. అతను క్షమించినా, క్షమించకపోయినా మార్చండి.

మీ భార్యకు విశ్వాసం తక్కువ అన్న మాట ఆమెతో అనకండి. అనేసి ఉంటే ఈ రోజే వెనక్కి తీసుకోండి. తన ఇంటివారిని చూసుకోనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని పౌలు తిమోతికి రాశాడు. ఆ పౌలే కొరింథులో డేరాలు కుడుతూ సువార్త చెప్పాడు. బిడ్డ చదువు పూర్తి కావాలని అడిగిన తల్లి మిమ్మల్ని దేవుడి నుంచి దూరం లాగడం లేదు. పొలం గురించి ముందుగా చెప్పాల్సింది కూడా ఆమెకే. మీ ఎనభై సెంట్లకు ఉన్న రోడ్డు వైపులో సగం పోతుందంటే అది అమ్మాయి పెళ్లికి దాచుకున్న ఆశ కూడా కావచ్చు. ఆమెకు తెలియకుండా త్యాగం చేస్తే, తమ్ముడికి చేసిందే భార్యకూ చేసినట్లవుతుంది.

నిద్ర గురించి ఒక మాట. ఏడాదిగా నిద్ర పట్టకపోతే డాక్టరును కలవండి, సిగ్గుపడకండి. బదరీ చెట్టు కింద చావు కోరుకున్న ప్రవక్త ఏలీయాకు దేవదూత ముందు ప్రసంగం చేయలేదు, రొట్టె పెట్టి నిద్రపోనిచ్చాడు, లేపి మళ్లీ రొట్టె పెట్టాడు. సేవ సంగతి అమ్మాయి చదువు పూర్తయ్యాక మళ్లీ మాట్లాడుకుందాం. అప్పటికీ ఆ పిలుపు వినిపిస్తే నాకు రాయండి, సంతోషంగా జవాబిస్తాను.

ఈ శుక్రవారం ఉపవాసం ఉండండి, కానీ కూటానికి వెళ్లే ముందు ఆ పొలం నక్షా బయటికి తీసి, రోడ్డు నుంచి వెనక గట్టు దాకా కొత్త గీత గీయండి. భార్యకు చూపించండి. రెండో శనివారం సెలవే కదా, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కండి.